తేలే ముక్క

ఆదివారం నాకు పండుగ గాదు, పని.
కరీమాబాద్‌ల మా దుకాణం ముందట
నాలుగున్నరకే కొక్కేలకు మూడు పొట్టేళ్లు వేలాడాలె.
ఆ ఆదివారం కొక్కేలు ఖాళీగున్నయి.
మట్టెవాడ దవాఖానల
సునందకు ఉమ్మనీరు పచ్చగ పోయిందని
సిస్టరు తలుపు సగం తెరిచి చెప్పింది.

పచ్చగ అంటే ఏం పచ్చన?
చింతచిగురు పచ్చనా, పేగుల్ల పసరు పచ్చనా?
రెండోదే.
దినాలు మీదవడ్డయి,
ఇరుకుకు బెదిరిండో ఏమో
కడుపుల్నే దొడ్డికి పోయిండట పిలగాడు.
మా అత్త ముందు నవ్వింది,
"తాత లెక్కనే, ఆగలేడు" అని.
సిస్టరు నవ్వలె.
అత్త నవ్వు మధ్యల్నే ఆగింది.

ఆ పసరునే ఊపిరితోని లోపలికి గుంజిండు.
ఏడ్వలె. మూలిగిండు.
మూలుగు మూలుగుకు
పక్కటెముకల నడుమ తోలు లోపలికి పోతంది.
పక్కటెముకలు లెక్కవెట్టి కొట్టేటోన్ని నేను.
అద్దంలకెల్లి లెక్కవెట్టిన.
ఎనిమిది కాడ కండ్లు మసకైనయి.

ఊపిరితిత్తి నాకు కొత్త గాదు.
ఇరవై ఏండ్ల సంది చేతుల్నే ఉన్నది.
మంచిదైతే బొటనవేలు కింద కరకరమంటది,
బకెట్ల ఏస్తే తేల్తది.
ఒక్కపారి సూడిదని తెల్వక కోసిన.
లోపల పిల్ల.
దాని తిత్తి బకెట్ అడుక్కు పోయింది,
కార్జం ముక్క లెక్క.
గాలి సూడంది మునుగుతది.
గీ ముచ్చట ఎవ్వలకు చెప్పలె, సునందకు గూడ.
ఆ రాత్రంత గదే బకెట్ కండ్ల ముందట.

డాక్టరమ్మ నుజ్హత్, పొట్టి మనిషి,
మెట్ల కాడ నిలవడి చెప్పింది:
"లోపల కోట్ల బుడగలుంటయి.
తడికి గోడలు అతుక్కోకుండ
వాటికి సన్నటి జిడ్డు పూసి ఉంటది.
మీవాడికి ఉండె. పసరు పోయి దాన్ని చెడగొట్టింది.
అర్థమైందా?"

అయింది.
నల్ల కవరు.
తడి చేతుల్తోని నోరు తెరువబోతే
రెండు పొరలు ఒక్కటై ఎంత రుద్దినా ఇడువవు,
గిరాకి తొందరవెడ్తడు.
"గట్లనా అమ్మా?"
ఆమె నా దిక్కు జరంతసేపు సూసింది.
"గట్లనే."

మందు బుడ్డి నా బొటనవేలంత.
ఫ్రిజ్జుల నుంచి తీసి సిస్టర్ ఎలీశమ్మ
పిడికిట్ల వెట్టుకొని కూసున్నది, సల్లదనం పోయేదాక.
ఊపొద్దట, నురగైతదట.
తెల్లగ, నీళ్లు గలిపిన జున్నుపాల రంగు.
"పాలా బిడ్డా?" అన్నది అత్త.
తల్లిపాల కంటె ముందుగాల
ఇంకేవో పాలు, నోట్లెకు గాదు,
గొంతుల పైపుకెల్లి,
జర్ర ఈ పక్కకు ఒరిగించి,
జర్ర ఆ పక్కకు ఒరిగించి.

"దేంతోని చేస్తరు?"
"దూడ ఊపిరితిత్తులు కడిగి."

అత్త దండం వెట్టింది, ఎవలకో తెల్వది.
నేను చేతులు సూసుకున్న.
గోర్ల సందుల్ల శనివారం ఇంక పోలె.

డబ్బ మీద అంకెలు.
డెబ్బై ఆరు. డెబ్బై నాలుగు.
నా కాటాను గూడ నేనెన్నడు గిట్ల సూడలె.
ఎనభై రెండు. మల్ల డెబ్బై తొమ్మిది.
తెల్లారేటాల్లకు తొంభై ఒకటి.
"ఇప్పుడే ఏం చెప్పలేం" అన్నది డాక్టరమ్మ.
సరే అన్న. కూసున్న.
చాయ్ తెచ్చిన్రు, సల్లగైంది.

నాలుగో దినం పైపు తీసినంక ఏడ్చిండు,
బొంగురుగ, అచ్చం మేకపిల్ల లెక్క.
ఆ అరుపుకు చెవులు మూసుకునే
ఇన్నేండ్లు కత్తి పట్టినోన్ని.
గప్పుడు మూసుకోలె.

మల్ల ఆదివారం.
తిత్తులు కొనేటోళ్లు తక్కువ.
ఊకెనె ఇస్త, లేకుంటే నాలా కాడి కుక్కకు.
ఒకటి చేతులకు తీసుకున్న, ఇంక ఎచ్చగున్నది.
బొటనవేలు ఒత్తిన. కరకర.
మల్ల ఒత్తిన.
"ఏందన్నా, తూకం ఎయ్యవా?"
గిరాకి అంటండు.
కుక్క తోక ఊపుతంది.
ఏస్త. ఇస్త. ఎన్నడన్న ఇయ్యకుంట ఉన్ననా.
జర ఆగున్రి.